బెలూను దిగేది ఎవరి చేలో?

వేడిగాలి బెలూన్ల ఉత్సవాలు జరపడం కొన్నేళ్ళుగా మన ప్రభుత్వాలకు కూడా అలవాటయింది. 2017 నవంబరులో అరకు లోయలో జరిపారు. 2018 జనవరిలో హైదరాబాదులో జరిపారు. పక్కన తమిళనాడులో పొల్లాచ్చి దగ్గర సంక్రాంతి రోజుల్లో జరుపుతున్నారు. ఎక్కడ ఎగరేస్తారో ముందుగానే ప్రకటిస్తారు. టిక్కెట్టు ఎంతో చెబుతారు. ఏ మంత్రిగారు వస్తారో చెబుతారు. ఎక్కడ దిగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పలేరు కూడా. 2025 జనవరిలో పొల్లాచ్చి ఉత్సవంలో ఎగిరిన ఒక బెలూను రాష్ట్ర సరిహద్దు దాటిపోయి కేరళలోని పాలక్కాడు జిల్లాలో ఒక వరిపొలంలో దిగింది. ఎక్కినవాళ్ళు క్షేమంగా బయటపడ్డారు, సంతోషం.

ఇది సరదారాయుళ్ళ సంగతి, రైతుల శీర్షికలో దీనికేం పని అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. పని ఉంది. బెలూను ఊరి మీద దిగలేదు, ఇళ్ళు అడ్డం. తోపులో దిగలేదు, చెట్లు అడ్డం. రోడ్డు మీద దిగలేదు, బండ్లు అడ్డం. చెరువులో దిగితే మునుగుతుంది. ఇక మిగిలింది చేనే. ఏ దేశంలో ఎగిరినా చాలావరకు అది దిగేది ఎవరో ఒక రైతు పొలంలోనే. అందుచేత దిగడానికి క్షేమమైన చోటు ఏది అన్న ప్రశ్న బుట్టలో నిలబడినవాళ్ళకు ఎంత ముఖ్యమో, ఆ చేలో వంగి కలుపు తీస్తున్నవాళ్ళకూ అంతే ముఖ్యం. బుట్టలోని పదిమంది క్షేమం మాత్రమే లెక్కలోకి తీసుకుని ఎంచిన చోటును క్షేమమైన చోటు అనడానికి మేము ఒప్పుకోము. పైన ఉన్నవాడికీ కింద ఉన్నవాడికీ కూడా హాని లేని చోటే క్షేమమైన చోటు. అలాంటి చోటు తెలియాలంటే ఆ నేల మీద పనిచేసేవాణ్ణి ముందుగా అడగాలి. మేము చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకో వివరిస్తాము.

గాలివాటం బండి

వేడిగాలి బెలూను పనిచేసే తీరు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వేడెక్కిన గాలి తేలికపడి పైకి పోతుంది. పొయ్యి పొగ పైకి లేవడం మన ఆడవాళ్ళు రోజూ చూసేదే. పెద్ద గుడ్డసంచీలో గాలి నింపి, దాని నోటి దగ్గర ప్రొపేన్ గ్యాసు బర్నరు మండించి ఆ గాలిని వేడిచేస్తారు. సంచి కింద పేము బుట్ట వేలాడుతుంది. మనుషులు అందులో నిలబడతారు, గ్యాసు బండలు కూడా అందులోనే. ముగ్గురు నలుగురు ఎక్కే మామూలు బెలూను సంచీలోనే సుమారు 2,200 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. ఆ గాలి బరువే రెండు టన్నుల పైచిలుకు. యాత్రికుల కోసం నడిపే పెద్ద బెలూన్లలో ఇరవైమందికి పైగా ఎక్కుతారు. వాటి సంచి ఇంకా నాలుగైదు రెట్లు పెద్దది.

1783లో ఫ్రాన్సులో కాగితం తయారుచేసే కుటుంబానికి చెందిన మాంట్‌గోల్ఫియర్ సోదరులు దీన్ని మొదట లేపారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 19న ఒక గొర్రెనూ, బాతునూ, కోడిపుంజునూ ఎక్కించి చూశారు. నవంబరు 21న ఇద్దరు మనుషులు మొదటిసారి పారిస్ మీద ఎగిరారు. 1960లో అమెరికాలో ఎడ్ యోస్ట్ అనే ఆయన ప్రొపేన్ బర్నరు అమర్చి నేటి పద్ధతి బెలూను ఎగరేశాడు. ఈ మధ్యకాలంలో గుడ్డ మారింది, పొయ్యి మారింది. మారనిది ఒక్కటే, దానికి చుక్కాని లేదు. పైకి లేపవచ్చు, కిందికి దించవచ్చు. పక్కకు తిప్పడం మాత్రం నడిపేవాడి చేతిలో లేదు. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకు వీస్తూ ఉంటుంది. తనకు కావలసిన దిక్కుకు వీచే గాలి ఏ ఎత్తులో ఉందో వెతుక్కుని ఆ ఎత్తుకు చేరడమే పైలటు నేర్పు. తెడ్డు లేని పడవ లాంటిది. ఏటి మధ్యలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, ఒడ్డుకు చేరేటప్పుడే ప్రాణం మీదికి వస్తుంది.

మరో సంగతి. బెలూను ఎండవేళ ఎగరదు. పొద్దెక్కితే నేల కాగి గాలి సుడులు తిరుగుతూ పైకి లేస్తుంది. మిట్టమధ్యాహ్నం దుక్కిచేలో సుడిగాలి లేవడం చూసిన ప్రతి రైతుకూ ఇది తెలుసు. అందుకని గాలి నిలకడగా ఉండే వేళ, ఎక్కువగా పొద్దుపొడుపున ఎగిరి, సుమారు గంటలో దిగిపోతారు. సరిగ్గా అదే వేళకు మన కూలిజనం చేలల్లోకి దిగుతారు. దించబోయే చేలో మనుషులు ఉంటారా ఉండరా అన్నది ఎప్పుడో ఒకసారి వచ్చే సందేహం కాదు. పని రోజుల్లో ప్రతి పొద్దునా ఉంటారు.

పైలటు చూసుకునేవి

పని తెలిసిన పైలటు దిగే చోటును ఆఖరి నిమిషంలో వెతుక్కోడు. ఎగరక ముందే గాలి జోరు కొలిచి, గంటకు పది మైళ్ళ గాలి ఉంటే గంటలో పది మైళ్ళు పోతామని లెక్కవేసి, ఆ దారిలో ఏ ఊళ్ళున్నాయో, ఏ చెరువులున్నాయో, ఏ లైన్లున్నాయో మ్యాపులో చూసుకుంటాడు. గ్యాసు అడుగంటేదాకా ఎగరడు. మొదటి చేను కుదరకపోతే రెండోది, రెండోదీ కుదరకపోతే మూడోది చూసుకునేంత గ్యాసు మిగుల్చుకుంటాడు. గ్యాసు అయిపోయినవాడికి చోటు ఎంచుకునే వీలు ఉండదు. దొరికినచోట పడడమే.

కిందికి వచ్చేటప్పుడు నేల మీద గాలి ఎటుందో గుర్తులు పడతాడు. పొయ్యిపొగ ఎటు వాలుతోంది, జెండాగుడ్డ ఎటు ఎగురుతోంది, చెరువు నీటి మీద అలలు ఎటు పోతున్నాయి, ఇవన్నీ చూస్తాడు. పైన ఒక దిక్కు, కింద మరో దిక్కు ఉండడం మామూలే. ఆ తరువాత గాలి పోయే దారిలో పొడుగ్గా, విశాలంగా ఉన్న చేను వెతుకుతాడు. చేలోకి వచ్చే వైపు ఎత్తయిన చెట్లు ఉండకూడదు. అవతలి వైపు తీగలు ఉండకూడదు. పంట ఉండకూడదు. పశువులు ఉండకూడదు. సంచీని చుట్టి తీసుకుపోవడానికి బండి వచ్చే దారి ఉండాలి.

చేను పొడుగ్గా ఎందుకు ఉండాలంటే, గాలి ఉన్నప్పుడు బుట్ట నేలకు తగిలినచోట ఆగదు. పక్కకు ఒరుగుతుంది. సంచి తెరచాప మాదిరి గాలి పట్టి బుట్టను ఈడ్చుకుపోతుంది. సంచి నెత్తిన ఉండే కంతను తాడుతో తెరచి లోపలి గాలి వదిలేసేదాకా ఆ ఈడ్పు ఆగదు. అందుకే ఎక్కినవాళ్ళను పోయే దిక్కుకు వీపుపెట్టి, మోకాళ్ళు వంచి, బుట్ట లోపలి పట్టుతాళ్ళు పట్టుకుని ఉండమంటారు. చెప్పేదాకా ఎవ్వరూ దిగకూడదంటారు. ఒక్క మనిషి ముందే దూకితే ఆ బరువు తగ్గి బెలూను మళ్ళీ లేవవచ్చు.

ఇవన్నీ మంచి నియమాలే. ఆ పని నేర్చినవాళ్ళు దెబ్బలు తిని నేర్చుకున్న నియమాలు. వాటిని మేము తేలిక చేయడం లేదు. అయితే ఈ నియమాలన్నీ పైనుంచి చూడగలిగినవాటికే వర్తిస్తాయి. పైనుంచి కనబడని వాటి సంగతేమిటి?

తీగలే యముడు

పైనుంచి కనబడనివాటిలో మొదటిది కరెంటు తీగ. పక్షిచూపుకు స్తంభం కనబడుతుంది గాని తీగ కనబడదు. రెండు స్తంభాలు కనబడితే మధ్యలో తీగ ఉందని లెక్కవేసుకోవాలే తప్ప కళ్ళను నమ్మి దిగకూడదు.

న్యూజీలాండులో కార్టర్టన్ అనే ఊరి దగ్గర 2012 జనవరి 7న ఒక బెలూను తక్కువ ఎత్తులో పోతూ 33 వేల వోల్టుల తీగలకు తగిలింది. 11 మంది చనిపోయారు. తీగల మీదుగా పైకి లేచి తప్పించుకోవడానికి పైలటు ప్రయత్నించాడు. ఆ పైలటు శరీరంలో గంజాయి ఆనవాళ్ళు దొరికాయని కూడా దర్యాప్తులో తేలింది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం లాక్‌హార్ట్ దగ్గర 2016 జూలై 30న మరో బెలూను తీగలకు తగిలి 16 మంది, అంటే ఎక్కినవాళ్ళందరూ, చనిపోయారు. మంచు, మబ్బు కమ్మిన పొద్దున పైలటు అసలు ఎగరకూడదు, ఎగిరాడు. దిగేటప్పుడు కింద ఏముందో తెలియలేదు. బెలూను పైలటుకు వైద్య పరీక్ష పత్రం అక్కరలేదన్న అప్పటి ప్రభుత్వ నిబంధనను కూడా దర్యాప్తు సంస్థ తప్పుపట్టింది. అంటే చావులు ఒక మనిషి పొరపాటుతో మొదలైనా, నిబంధనలు రాసే పెద్దల అలసత్వం దానికి తోడయింది.

ఈ చావులకు విరుగుడు ఆ పనివాళ్ళకు తెలియనిది కాదు. తీగ తగలడం ఇక తప్పదనుకున్నప్పుడు పైకి లేవబోకూడదు. నెత్తిన కంత పూర్తిగా తెరచి, గ్యాసు కట్టేసి, గబాలున కిందికి దించాలి. తగిలితే గుడ్డ తగలాలి గాని మనుషులూ గ్యాసు బండలూ ఉన్న బుట్ట తగలకూడదు. అసలు అంతదాకా రాకుండా ఉండాలంటే తీగ లేని చేనునే ఎంచుకోవాలి.

మరి మన పొలాలలో తీగ లేని చేను ఎక్కడుంది? బోరు ఉన్న ప్రతిచోటా మోటారు, మోటారు ఉన్న ప్రతిచోటా తీగ. స్తంభాలు ఒరిగి, మనిషి చెయ్యి ఎత్తితే అందేంత కిందికి వేలాడే లైన్లు ఎన్నో. స్తంభం వేయించుకునే స్తోమత లేక వెదురుగడలు పాతి తీగ లాక్కున్న రైతులున్నారు. ఆ వెదురుగడ ఏ మ్యాపులోనూ ఉండదు. ఇంతకంటె ఘోరం, అడవిపందులకని రాత్రిపూట చేను చుట్టూ కట్టే కరెంటు తీగ. అది చట్టవిరుద్ధం. పందులకని కట్టిన ఆ తీగకు తెల్లవారుజామున పొలానికి పోయే రైతులు, కూలీలు బలవుతున్నారు. పొద్దుపొడుపున దిగే బెలూను బుట్ట ఆ తీగ మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఈ తీగ ఏ చేను చుట్టూ ఉందో పైలటుకు తెలియదు, కరెంటు ఆఫీసుకు తెలియదు, ఉత్సవం జరిపే కంపెనీకి అసలే తెలియదు. ఆ దారిన రోజూ నడిచే కూలిమనిషికి మాత్రం తెలుసు.

పైనుంచి ఖాళీ, కింద పంట

ఇక పంట సంగతి. పైనుంచి పచ్చగా ఉంటే పంట, గోధుమరంగులో ఉంటే ఖాళీ అనుకుంటే మన నేలలో పప్పులో కాలేసినట్టే.

కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోయడానికి కొద్దిరోజుల ముందే, నిలిచివున్న పైరులోనే మినుము, పెసర విత్తనం చల్లుతారు. కోతలయ్యాక సంక్రాంతి రోజుల్లో ఆకాశం నుంచి చూస్తే కోసిన మోళ్ళు తప్ప ఏమీ కనబడవు. పైలటుకు అంతకంటె మంచి చోటు ఉండదు: బల్లపరుపు నేల, కోసిన మడి. కాని ఆ మోళ్ళ మధ్యన రెండాకుల మినుము మొలక ఉంది. బుట్ట ఈడ్చుకుపోయిన మేర, ఆ వెనక సంచి పరిచిన మేర, చుట్టడానికి పదిమంది తొక్కిన మేర ఆ మొలక పోతుంది. వరి పంట కౌలుకే చాలకపోతే ఈ మినుము గింజలే కౌలురైతుకు మిగులు. అది ఖాళీ నేల ఎలా అవుతుంది?

మిరపకోతల కాలంలో గుంటూరు, ఖమ్మం వైపు చూడండి. కల్లాలలో ఎర్రగా పరిచిన కాయ ఉంటుంది. ఏడాది కష్టమంతా అక్కడ ఎండుతూ ఉంటుంది. పైనుంచి చూస్తే చెట్టూచేమా లేని బయలు. గడ్డివాము దూరానికి చిన్న దిబ్బ మాదిరి కనబడుతుంది. బెలూను కింద మండేది బారెడు పొడవుకు మించిన మంట. పాత దిగుడుబావి చుట్టూ తుప్పలు పెరిగి పైనుంచి పొదలా ఉంటుంది. బిందుసేద్యం గొట్టాలు కనబడనే కనబడవు. పక్క చేలో కాడెడ్లు కట్టివుంటే, ఆ బర్నరు మోతకు బెదిరి కాడి తెంచుకుని పరుగెత్తితే దున్నేవాడి గతేమిటి? చూలు పశువు బెదిరి పడితే ఆ నష్టం ఎవరి ఖాతాలో రాస్తారు?

అరకులో 2017 ఉత్సవం జరిపింది నవంబరులో. గిరిజన రైతుల వలిసె చేలు పసుపుపచ్చగా పూసే కాలం అది. ఇప్పటికే చూడవచ్చినవాళ్ళు ఫొటోల కోసం ఆ చేలల్లో దిగి తొక్కుతున్నారన్న గోడు అక్కడ ఉన్నదే. ఆ పైన బెలూను వెంట పరుగెత్తే జనం కూడా వస్తే చేను మిగులుతుందా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టుగా ఉండకూడదు ఈ వ్యవహారం.

చెరకుతోట సంగతి ఒకటి చెప్పాలి. ఈజిప్టులో లక్సర్ నగరం దగ్గర 2013 ఫిబ్రవరి 26న ఒక బెలూను దిగడానికి వచ్చింది. కిందివాళ్ళు తాడు పట్టుకున్నారు. ఆ సమయంలోనే గ్యాసు గొట్టం దగ్గర లీకయి మంట లేచింది. మంట వేడికి బెలూను మళ్ళీ పైకి లేచి, పైన కాలిపోయి, చెరకు చేలలో కూలింది. 21 మందిలో 19 మంది చనిపోయారు. పేలుడు వినబడి పరుగెత్తేది మొదట ఎప్పుడూ పక్క చేలో ఉన్న జనమే. కాలుతున్న గ్యాసు దగ్గరికి ఎంతవరకు పోవచ్చో, ఎక్కడ ఆగాలో వాళ్ళకు ఎవరైనా ఎప్పుడైనా చెబుతున్నారా?

పాత తగాదాయే

రైతుకూ బెలూనుకూ తగాదా ఈనాటిది కాదు. బెలూను పుట్టిన ఏడాదే మొదలయింది. 1783 ఆగస్టు 27న పారిస్ నుంచి జాక్ చార్లెస్ అనే శాస్త్రజ్ఞుడు మనుషులు లేని హైడ్రోజన్ బెలూను ఎగరేశాడు. అది గోనెస్ అనే పల్లెలో దిగింది. ఆకాశం నుంచి బుసలు కొడుతూ పడిన ఆ వింతవస్తువును చూసి రైతులు బెదిరిపోయి పంగలకర్రలతో పొడిచి చింపేశారు. చరిత్ర పుస్తకాలలో ఈ కథ చెప్పి ఆ రైతుల అమాయకత్వానికి నవ్వుకోవడం అలవాటు. మేము అడిగేది వేరు. ఆ రైతులకు ముందుగా ఒక్క మాట చెప్పినవాడు ఎవడు? తరువాత ఫ్రెంచి ప్రభుత్వం, ఇటువంటివి ఆకాశంలో కనబడితే భయపడవద్దు అని ప్రజలకు ప్రకటన వేయించింది. ఆ ప్రకటన ముందే వేసివుంటే బెలూనూ మిగిలేది, రైతులకు నవ్వులపాటూ తప్పేది.

మరో ఉదాహరణ అమెరికాది. 1822లో న్యూయార్కులో గిల్ అనే అతను బెలూనులో ఎగిరి స్వాన్ అనే అతని కూరగాయల తోటలో పడ్డాడు. బెలూను బంగాళాదుంప, ముల్లంగి మళ్ళ మీదుగా ఈడ్చుకుపోయింది. అది చూసి రెండువందల మందికి పైగా జనం కంచె విరుచుకుని తోటలోకి వచ్చి ఉన్నదంతా తొక్కేశారు. బెలూను చేసిన నష్టం 15 డాలర్లు. జనం చేసింది అంతకు ఎన్నో రెట్లు. నా బెలూను చేసినదానికే నేను పూచీ, జనాన్ని నేను పిలవలేదని గిల్ వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఎటు పోతుందో తన చేతిలో లేని వాహనం ఎక్కినవాడికి, అది ఎక్కడ దిగినా జనం పోగవుతారని ముందే తెలిసివుండాలి, కనుక జనం తొక్కినదానికి కూడా అతనే పూచీ అని 90 డాలర్లు ఇప్పించింది.

రెండువందల ఏళ్ళనాటి ఆ తీర్పులోని ఇంగితం నేటికీ చెల్లుతుంది. మన ఊళ్ళో బెలూను దిగితే రెండువందల మంది కాదు, చుట్టుపక్కల నాలుగూళ్ళ జనం వస్తారు. మోటారుసైకిళ్ళు వస్తాయి. చేను రోడ్డవుతుంది. కంపెనీ మనిషి వచ్చి బుట్ట ఈడ్చిన నాలుగు గజాలు చూపించి ఇంతే నష్టం అంటే దానికి తల ఊపకూడదు.

పరిహారం ఎవరి చేతికి?

నష్టం కట్టిస్తే సరిపోయె కదా అని కొందరు అంటారు. కట్టించేది ఎవరికి? మన రాష్ట్రాలలో సేద్యం చేసేది ఒకరు, పాసుబుక్కు ఉండేది మరొకరు. భూమిగలాయన పట్నంలో ఉంటాడు, మినుము చల్లినవాడు కౌలుకు చేసుకునేవాడు. ఆఫీసువాళ్ళు రికార్డు తెరచి చూస్తే కౌలుదారు పేరు ఉండదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదార్లకు రుణార్హత కార్డులిచ్చే చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. కార్డు చేతికి రాని కౌలుదార్లు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు. తుపాను నష్టంలో జరిగే అన్యాయమే బెలూను నష్టంలోనూ జరుగుతుంది. కాకపోతే తుపానును ఎవరూ టిక్కెట్టు పెట్టి ఎగరేయలేదు.

కూలీల మాట అసలు ఎవరూ ఎత్తరు. ఆ పొద్దున చేలోకి దిగిన పాతికమంది ఆడకూలీలు బెలూను దిగడంతో గట్టెక్కి నిలబడిపోతే, పని చెడితే, ఆ రోజు కూలి ఎవరిస్తారు? రైతు తన చేను పోయిందని ఏడుస్తాడు, కంపెనీ రైతుతో మాట్లాడి పోతుంది. కూలిమనిషి ఖాళీ చేతులతో ఇంటికి పోతుంది. నష్టం లెక్కలో చెడిన కూలి రోజు కూడా ఉండాలి. ఇది దయాధర్మం కింద అడిగేది కాదు, లెక్క ప్రకారం రావలసినది.

చేయాలంటే చేయవచ్చు

ఇదంతా జరిగే పని కాదని ఎవరూ అనుకోనక్కరలేదు. బ్రిటన్‌లో బెలూను నడిపేవాళ్ళ క్లబ్బు తమకు తామే ఒక ప్రవర్తనా నియమావళి రాసుకుంది. ఎగరడానికి భూమి గల రైతు అనుమతి ముందుగా తీసుకోవాలి. నిలిచివున్న పంటలో దిగకూడదు. పశువుల మందల మీద తక్కువ ఎత్తులో పోకూడదు. దిగాక రైతును కలిసి అడగందే బండిని చేలోకి తోలకూడదు. తెరచిన గేటు మూసి పోవాలి. బెలూను దిగడం ఇష్టంలేని రైతుల పొలాలనూ, బెదిరే పశువులున్న చోట్లనూ మ్యాపులో గుర్తుపెట్టి పైలట్లందరికీ ఇస్తారు. దిగిన పొలం రైతుకు ఒక షాంపేను సీసా ఇచ్చి మంచి చేసుకోవడం బెలూను తొలిరోజుల నుంచీ ఉన్న ఆచారమని కూడా చెప్పుకుంటారు. మనకు సీసా అక్కరలేదు. ముందుగా ఒక మాట, తరువాత న్యాయమైన లెక్క చాలు.

మేము బెలూనుకు వ్యతిరేకులం కాము. మనిషి గాలిలోకి లేవడం మనిషి తెలివికి గెలుపు. ఆకాశంలో రంగుల బెలూను పోతుంటే మన పిల్లలు కేకలు వేస్తూ పరుగెత్తడం చూసి మనకూ ఆనందమే. మేము కోరేదల్లా ఆ ఆనందానికి అయ్యే ఖర్చు టిక్కెట్టు కొన్నవాడూ, టిక్కెట్టు అమ్మినవాడూ భరించాలని, చేలో ఉన్నవాడి నెత్తిన పెట్టవద్దని. బెలూను ఉత్సవానికి అనుమతి ఇచ్చే అధికారులు ఈ కింది పనులు జరిగాకే అనుమతి ఇవ్వాలని కోరుతున్నాము.

ఒకటి: ఆ కాలంలో గాలి ఎటు వీస్తుందో చూసి, ఆ దిక్కున పది పదిహేను మైళ్ళ మేర ఉన్న గ్రామాలన్నిటిలో ముందుగా టముకు వేయించి చెప్పాలి. గ్రామసభ పెట్టాలి. సభకు పాసుబుక్కు ఉన్నవాళ్ళనే కాక కౌలుదార్లనూ కూలీలనూ పిలవాలి.

రెండు: ఏ చేలో ఏ పంట ఏ దశలో ఉందో, ఎక్కడ నిజంగా ఖాళీ ఉందో, ఎక్కడ తీగ వేలాడుతోందో, ఎక్కడ బావి ఉందో ఆ ఊరి రైతులు, కూలీలు, లైన్‌మన్ కలిసి గుర్తించి మ్యాపు తయారుచేయాలి. ఆ పనికి పోయినవాళ్ళకు ఆ రోజు కూలి ఇవ్వాలి. ప్రతి పైలటూ ఆ మ్యాపు బుట్టలో పెట్టుకోవాలి. పంట మారినప్పుడల్లా మ్యాపు మారాలి.

మూడు: బంజరు, ఎండిన చెరువు శిఖం, బీడు వంటి చోట్లు ముందు, పంటచేను చివర. పంటచేలో దిగడం ప్రాణాపాయం వచ్చినప్పుడు మాత్రమే.

నాలుగు: నష్టపరిహారానికి సొమ్ము ఎగరకముందే డిపాజిట్టు చేయించాలి. బుట్ట తొక్కినదీ జనం తొక్కినదీ కలిపి లెక్కకట్టాలి. సాగుచేసేవాడి చేతికే ఇవ్వాలి. చెడిన కూలి రోజులు కట్టాలి.

ఐదు: వేలాడే లైన్లు సరిచేయాలి. ఇది బెలూను కోసం అడిగేది కాదు. బెలూను ఏడాదికి ఒకసారి వస్తుంది, కూలిమనిషి ఆ తీగ కింద రోజూ నడుస్తుంది. ఉత్సవం కోసం చేస్తే చేశారు, చేయండి.

మన ఊళ్ళో దిగితే

ఇవన్నీ జరిగేదాకా బెలూన్లు ఆగవు కనుక మన జనం తెలుసుకోవలసిన జాగ్రత్తలు కొన్ని చెబుతున్నాము. సంఘం కార్యకర్తలు వీటిని కూలీల మధ్య చదివి వినిపించాలి.

బెలూను కిందికి వస్తుంటే అది పోయే దారికి ఎదురుగా నిలబడవద్దు, పక్కకు తప్పుకోండి. పిల్లలను, పశువులను దూరంగా తోలండి. చేలో కలుపు తీస్తున్నవాళ్ళు గట్టుమీదికి వచ్చి గుంపుగా నిలబడి చేతులు ఊపండి. కింద మనుషులున్నారని పైవాడికి తెలుస్తుంది.

పైలటు అడగందే తాడు పట్టుకోవద్దు. అడిగినా తాడును చేతికి చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు. కాళ్ళు నేల విడుస్తున్నట్టు తెలిసిన మరుక్షణం వదిలేయండి. ఇంకొంచెం చూద్దామనుకుంటే చూసేలోపల మనిషి తాటిచెట్టు ఎత్తున ఉంటాడు. పట్టు వదలడం పిరికితనం కాదు.

దగ్గరలో బీడీ, చుట్ట వెలిగించవద్దు. బుట్టలో ఉన్నది గ్యాసు. బెలూను తీగకు తగిలివుంటే బుట్టనుగాని, గుడ్డనుగాని, తాడునుగాని, లోపలి మనుషులనుగాని ముట్టుకోవద్దు. వెంటనే లైన్‌మన్‌కు కబురుపెట్టి కరెంటు తీయించండి. అంతవరకు ఎవర్నీ దగ్గరికి పోనివ్వవద్దు. సాయం చేయబోయి చనిపోయినవాడి పిల్లలకు ఎవరూ జవాబు చెప్పరు.

గుడ్డ కంటే, బుట్ట కంటే ముందు మనుషులను చూడండి. దెబ్బలు తగిలినవాళ్ళుంటే నీడకు చేర్చండి, నీళ్ళివ్వండి, ఆసుపత్రికి పంపించండి. వాళ్ళు కలవాళ్ళయినా సరే, మన చేలో పడినవాళ్ళు మన అతిథులే. లెక్క తరువాత. లెక్క మాత్రం మరిచిపోవద్దు. బండి కదలకముందే పంచాయతీ పెద్దలను పిలిచి, తొక్కిన మేర అడుగులతో కొలిచి, ఫొటో తీసి, సాగుచేసేవాడి పేరుతో కాగితం రాయించి పైలటు చేత సంతకం పెట్టించండి. ఎవరి కూలి చెడిందో వాళ్ళ పేర్లు కూడా అదే కాగితంలో రాయించండి.

ఈ సంక్రాంతికి మీ ప్రాంతంలో బెలూన్లు ఎగరేస్తారని వింటే ఉత్సవం రోజు దాకా ఆగవద్దు. రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కలిసి తహసీల్దారుకు విజ్ఞాపన ఇవ్వండి. దిగే చోటు ఎవరు ఎంచారు, ఎవరిని అడిగి ఎంచారు అని ముందే అడగండి. ఎగిరాక అడిగేందుకు ఏమీ ఉండదు. అప్పుడు గాలి ఎటు తీసుకుపోతే అటే.